అరిగే డిస్కు, అరగని డిస్కు

డిస్క్ గోల్ఫ్ దుకాణంలో అడుగుపెట్టిన కొత్తవాళ్లకు మొదట అయోమయం కలిగించేది ప్లాస్టిక్. పేరు, అచ్చు, బరువు అన్నీ ఒకటే, కానీ డిస్కు మాత్రం మూడు నాలుగు రకాల ప్లాస్టిక్‌లలో దొరుకుతుంది. బేస్ ప్లాస్టిక్‌కూ ప్రీమియం ప్లాస్టిక్‌కూ ధరలో దాదాపు రెట్టింపు తేడా. ఖరీదైనదే మంచిదా అని అడిగితే ఆటలో పండిపోయినవాళ్లు కూడా వెంటనే అవునని చెప్పరు. ఎందుకు చెప్పరో తెలియాలంటే ఈ ప్లాస్టిక్‌లు ఏ అవసరం కొద్దీ, ఏ వరుసలో వచ్చాయో చూడాలి.

1937లో అమెరికాలో ఫ్రెడ్ మోరిసన్ అనే కుర్రాడు, తర్వాత తన భార్య అయిన అమ్మాయితో కలిసి పాప్‌కార్న్ డబ్బా మూత విసిరి ఆడుకున్నాడు. మూత సొట్టలు పోయింది. ఇద్దరూ కేకు పళ్లేనికి మారారు. మరుసటి ఏడు శాంటా మోనికా బీచ్‌లో ఒకాయన ఆ అయిదు సెంట్ల పళ్లేన్ని పాతిక సెంట్లకు అడిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానం నడిపి, బందీగా చిక్కి, తిరిగొచ్చిన మోరిసన్ 1948లో వారెన్ ఫ్రాన్సియోనీతో కలిసి ప్లాస్టిక్ డిస్కు తయారుచేశాడు. ఆ తొలి ప్లాస్టిక్ పెళుసు. గట్టిగా తగిలితే పగిలేది. 1955లో అతను తెచ్చిన ప్లూటో ప్లాటర్ అనే డిస్కుకు పాలిథిలిన్ వాడాడు. అది వంగుతుంది గానీ విరగదు. 1957లో ఆ డిస్కు హక్కులు కొన్న వామ్-ఓ కంపెనీ దానికి ఫ్రిస్బీ అని పేరు పెట్టింది.

అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ డిస్కు పైభాగాన గట్లు చేర్చి దాని గమనాన్ని నిలకడ చేశాడు. ఆ మార్పుకు 1967లో పేటెంటు వచ్చింది. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో డిస్క్ గోల్ఫ్ కోర్సు వేసినవాడూ, డిస్కు చివరికి పడాల్సిన, గొలుసులు వేలాడే బాస్కెట్‌ను రూపొందించినవాడూ ఆయనే. అప్పటి ఆటంతా మొద్దు అంచున్న ఫ్రిస్బీలతోనే సాగేది. చెట్టుకు తగిలి నాలుగు గీతలు పడినా ఎగరడంలో చెప్పుకోదగ్గ మార్పు ఉండేది కాదు.

1983లో డేవ్ డునిపేస్ ఆ అంచును బయటికి వాలుగా, పలచగా దిద్దాడు. ఆయన భాగస్వామిగా మొదలైన ఇన్నోవా కంపెనీ ‘ఈగిల్’ పేరుతో ఆ డిస్కును తెచ్చింది. గాలిని చీల్చుకుపోయే ఆ అంచుతో దూరం బాగా పెరిగింది. అసలు కథ మొదలైంది ఇక్కడే అని నా అభిప్రాయం. డిస్కు ఎలా ఎగరాలన్నది ఇప్పుడు ఆ సన్నని అంచు చేతిలో ఉంది. చెట్టుకు ముందు తగిలేదీ, నేల మీద ముందు రాసుకునేదీ ఆ అంచే.

కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఎదకు అడ్డంగా తెచ్చి విసిరితే డిస్కు వేగంగా ఉన్నంతసేపూ కుడివైపు మొగ్గుతుంది, వేగం తగ్గాక ఎడమకు వాలుతుంది. కొత్త డిస్కులో ఎడమ వాలు ఎక్కువ. అంచు అరిగేకొద్దీ ఆ వాలు తగ్గి తిన్నగా పోతుంది. ఇంకా అరిగితే కుడికి తిరిగిపోతుంది. 1987లో వచ్చిన ‘రాక్’ అనే మిడ్‌రేంజ్ (మధ్య దూరానికి వాడే) డిస్కులో ఆటగాళ్లు దీన్ని బాగా కనిపెట్టారు. కొత్తదొకటి, సగం అరిగినదొకటి, పూర్తిగా నలిగినదొకటి సంచిలో పెట్టుకుని, దారి ఎటు వంగితే అందుకు తగినది తీసేవారు. మూడూ ఒకే అచ్చులోంచి వచ్చినవి కాబట్టి చేతి పట్టు మార్చుకునే పని లేదు. ప్లాస్టిక్ బలహీనతను ఇంత తెలివిగా వాడుకున్న ఆట మరొకటి నాకు తెలియదు.

ఎక్కువ దూరానికి విసిరే డ్రైవర్ల విషయంలో మాత్రం ఈ అరుగుదల నష్టమే. గట్టి విసురుకు నాలుగు చెట్లు తగిలితే దాని స్వభావమే మారిపోతుంది. దానికి విరుగుడు పాలియురెథేన్ రూపంలో దొరికింది. మోరిసన్ మూత విసిరిన 1937లోనే జర్మనీలో ఒట్టో బేయర్ కనుగొన్న పదార్థమది. దాన్ని కరిగించి అచ్చుపోయడానికి వీలుగా, థర్మోప్లాస్టిక్‌గా మార్చింది బీఎఫ్ గుడ్రిచ్ సంస్థలో 1950లలో పనిచేసిన చార్లెస్ షోలెన్‌బర్గర్ బృందం. అందులోని అణుగొలుసుల్లో గట్టి ముక్కలూ మెత్తని ముక్కలూ ఉంటాయి. గట్టివి ఒకదానికొకటి అతుక్కుని ఆకారాన్ని పట్టి ఉంచుతాయి, మెత్తనివి దెబ్బను తట్టుకుంటాయి. వేడిచేస్తే ఆ అతుకులు విడిపోతాయి, చల్లారితే మళ్లీ పడతాయి. మన ఫోన్లకు తొడిగే మెత్తని పారదర్శక కవర్లదీ ఇదే జాతి. 2000 ప్రాంతంలో ఇన్నోవా, ఇప్పుడు ప్రీమియం అంటున్న ఈ రకం ప్లాస్టిక్‌తో ‘ఛాంపియన్ ఎడిషన్’ డిస్కులు తెచ్చింది. అద్దంలా వెలుతురు దూరే ఆ డిస్కులు చెట్లకు తగిలినా చాలాకాలం చెక్కుచెదరలేదు. డిస్‌క్రాఫ్ట్ వంటి కంపెనీలదీ అదే బాట.

అయితే ఒక్కో ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఒక్కోలా కుంచించుకుపోతుంది. ఒకే అచ్చులో పోసినా పైకప్పు ఉబ్బు, అంచు ఎత్తు రవ్వంత మారతాయి. ఎగరడమూ మారుతుంది. సాధారణంగా ప్రీమియం డిస్కు ఎడమకు ఎక్కువ వాలుతుంది, తిన్నగా రావడానికి ఎంతో కాలం పడుతుంది. పైగా నున్నగా ఉంటుంది, వానలో తడిస్తే జారుతుంది, చలికి బిరుసెక్కుతుంది. ఎంత బిరుసున్నా ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ పరీక్షలో 12.25 కిలోల ఒత్తిడికి లోబడి వంగాలి. మనుషుల మధ్య ఎగిరే వస్తువుకు ఆ హద్దు ఎంతైనా అవసరం.

అందుకే దగ్గరి నుంచి బాస్కెట్‌లోకి విసిరే పటర్లలో బేస్ ప్లాస్టిక్‌కు ఇప్పటికీ మర్యాద తగ్గలేదు. వేలికి అంటుతుంది, గొలుసులకు తగిలి వెనక్కి తుళ్లకుండా బాస్కెట్‌లో పడుతుంది. పటర్ విసురు నెమ్మది కాబట్టి అరుగుదలా తక్కువే. నన్నడిగితే మొదటి పటర్‌కూ మొదటి మిడ్‌రేంజ్‌కూ బేస్ ప్లాస్టికే సరైనది. డిస్కు అరిగేకొద్దీ దాని నడక ఎలా మారుతుందో ఆ రెండూ నేర్పుతాయి. చెట్ల మధ్య విసిరే డ్రైవర్‌కైతే ప్రీమియం మీద డబ్బు పెట్టడమే మేలు.