కుర్చీ: మాట పుట్టుక, ఉచ్చారణ

కుర్చీ: వీపు ఆనించి ఒక్కరు కూర్చునే ఆసనం. ‘కూర్చొను’ నుంచే ఈ మాట పుట్టిందని చాలామంది నమ్మకం. పోలిక చెవికి ఇంపైనదే గానీ చుట్టరికం మాత్రం లేదు. కూర్చొనడం అచ్చ తెలుగు క్రియ. కుర్చీ అరబ్బీ ‘కుర్సీ’.

ఉచ్చారణే ఆ తేడాను పట్టిస్తుంది. కోస్తా పలుకుబడిలో ‘కూర్చో’ అన్నప్పుడు చకారం దంత్యం, నాలుక పళ్ల వెనక తగులుతుంది. ‘కుర్చీ’లో చకారం ఈకారానికి ముందుంది కనుక అది తాలవ్యం. పైగా మొదటిదాని ఉకారం దీర్ఘం, రెండోదానిది హ్రస్వం. తెలంగాణ పల్లెల్లో వినిపించే ‘కుర్సీ’ మూలానికి దగ్గర. ‘కురిచీ’ అని నడుమ ఇకారం చేర్చి పలకడమూ ఉండేది. సకారం చకారమైంది కూర్చొనడం ప్రభావం వల్లనే అనుకుందామంటే, మరాఠీలో ‘ఖుర్చీ’, కన్నడంలో ‘కుర్చి’ ఉన్నాయి. మరాఠీవారికి మన క్రియతో పని లేదు కదా.

మాట వయసు ఆశ్చర్యపరుస్తుంది. మెసొపొటేమియాలో సుమేరులు ఆసనాన్ని ‘గుజా’ అన్నారు. అక్కాదులు దాన్ని ‘కుస్సూ’గా తీసుకున్నారు. హీబ్రూలో అది ‘కిస్సే’. అరమాయిక్‌లో జంట సకారాల్లో మొదటిది రేఫగా మారి ‘కుర్స్యా’ అయింది. మన కుర్చీలోని రేఫకు తొలి ఆనవాలు ఇదే. అరబ్బీలో కుర్సీ అంటే సింహాసనం కూడా. ఖురాన్ రెండో అధ్యాయం 255వ వాక్యానికి ‘ఆయతుల్ కుర్సీ’ అని పేరు. ఇరాన్‌లోనైతే ‘కోర్సీ’ మీద కూర్చోరు: అది కింద నిప్పుల కుంపటి పెట్టి, పైన బొంత కప్పి, చలికాలంలో ఇల్లంతా చుట్టూ చేరే పొట్టి బల్ల. మలయ్‌లో ఇదే మాట ‘కెరుసి’.

దక్కనుకు ఇది పారశీకం, ఉర్దూల వెంట వచ్చింది. అంతకుముందు మన ఇళ్లలో పీట, చాప, అరుగు, మంచం ఉండేవి. తర్వాత పడక కుర్చీ, మడత కుర్చీ, పేము కుర్చీ వచ్చాయి. పదవికే కుర్చీ పేరు పడింది.

పోర్చుగీసుల ‘కదేయిర’ దక్షిణాన మరో దారి పట్టింది. మలయాళంలో ‘కసేర’, శ్రీలంక తమిళంలో ‘కదిరై’ అయింది. దాని మూలం గ్రీకు ‘కథెద్ర’. ఇంగ్లీషు ‘చెయిర్’ పుట్టిందీ అక్కడి నుంచే.

తమిళనాడులోని కాట్టుపల్లి, తిరువళ్లూరు, తిరుత్తణి వైపు తెలుగువారికి ఈ వస్తువుకు రెండు పేర్లు. ఇంట్లో కుర్చీ, తమిళ బడి పుస్తకంలో ‘నార్కాలి’, అంటే నాలుగు కాళ్లది. తమిళులు అరువు తెచ్చుకోక చేసుకున్న చక్కని మాట ఇది. అయితే చక్రాల కుర్చీని కూడా వారు ‘చక్కర నార్కాలి’ అనే అంటారు, కాళ్ల చోట చక్రాలున్నా.