మార్కులా, ర్యాంకా? తిరువూరు ప్రాంతం నుంచి చూసిన కళాశాల ప్రవేశాల చరిత్ర

ఇంజనీరింగ్, వైద్య కళాశాలల్లో సీటు ఇవ్వడానికి ఏ పరీక్ష మార్కులను, ఎంత మేరకు లెక్కలోకి తీసుకోవాలన్న వివాదానికి ఆంధ్రప్రదేశ్‌లో అర్ధ శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. ఎన్టీఆర్ జిల్లా (2022 వరకు కృష్ణా జిల్లా) తిరువూరు దీన్ని గమనించడానికి అనువైన చోటు. విస్సన్నపేట మీదుగా వెళితే పదో తరగతి మార్కులతోనే సీటిచ్చే నూజివీడు ట్రిపుల్ ఐటీ వస్తుంది. మైలవరం మీదుగా వెళితే ర్యాంకుల కోసమే నడిచే విజయవాడ కోచింగ్ కాలేజీలు. ఉత్తరాన కొద్ది దూరంలోనే తెలంగాణ సరిహద్దు, అది దాటితే లెక్క మరొకటి.

తొలినాళ్లలో పీయూసీ మార్కులే కొలమానం. 1970లో రాష్ట్ర ప్రభుత్వం వైద్య కళాశాలలకు ప్రవేశ పరీక్ష పెట్టగానే విద్యార్థులు కోర్టుకెక్కారు. విశ్వవిద్యాలయం ఒకసారి పరీక్షించి మార్కులిచ్చాక మళ్లీ పరీక్ష ఎందుకన్నది ప్రశ్న. హైకోర్టు పరీక్షను కొట్టేసింది. 1971లో సుప్రీంకోర్టు పరీక్షను నిలబెట్టింది. విశ్వవిద్యాలయం నిర్ణయించేది కనీస అర్హతనేనని, అర్హుల్లోంచి ఎవరిని ఎంచుకోవాలన్నది కళాశాల నడిపే ప్రభుత్వం ఇష్టమని ఆ తీర్పు సారాంశం. ఎంసెట్‌కు పునాది పడింది నిజానికి అక్కడే.

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మార్కులకు ఎల్లలు గీసింది. 85 శాతం సీట్లు స్థానికులకు, 15 శాతం అందరికీ. కృష్ణా జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి, పక్కనున్న ఖమ్మం జిల్లా ఉస్మానియా పరిధిలోకి వెళ్లాయి. తిరువూరు విద్యార్థి, ఖమ్మం వైపున్న పెనుబల్లి విద్యార్థి ఒకే ర్యాంకు తెచ్చుకున్నా పోటీపడే వరుసలు వేరయ్యాయి.

1977లో విజయవాడలో వి.ఆర్.సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైంది. డబ్బుతో సీటు కొనే పద్ధతిని ఆపడానికి 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టంలో గమనించదగ్గ మాట ఒకటుంది: ప్రవేశాలు అర్హత పరీక్ష మార్కుల ఆధారంగా గానీ, ప్రవేశ పరీక్ష ర్యాంకు ఆధారంగా గానీ జరగాలి. ఈ ‘గానీ’ దగ్గరే వివాదమంతా ఉంది. 1986లో ఎంసెట్ వచ్చి తూకాన్ని ర్యాంకు వైపు ఒరిగించింది. అదే ఏడాది విజయవాడలో శ్రీచైతన్య బాలికల జూనియర్ కళాశాలగా పుట్టింది. ఇది కాకతాళీయమే కావచ్చు. కానీ ఆ తర్వాత మంచి ర్యాంకంటే బెజవాడ హాస్టల్, రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్ అన్నది పల్లెల్లో కూడా మామూలు మాటైంది.

ఇంటర్ తరగతులు నామమాత్రమైపోతున్నాయన్న విమర్శకు జవాబుగా తర్వాతి కాలంలో ఎంసెట్‌కు 75, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ పద్ధతి తెచ్చారు. పాతిక శాతమంటే వినడానికి పెద్దదే. లెక్క వేస్తే అంత ఉండదు. ఎంపీసీ గ్రూపు మార్కులు 600, ఎంసెట్ బిట్లు 160. ఒక్క బిట్టు విలువ ఇంటర్‌లో 11.25 మార్కులకు సమానం. ఇంటర్‌లో 50 మార్కులు వెనకబడితే తుది లెక్కలో పోయేది రెండు పాయింట్ల పైచిలుకు. ఐదు బిట్లు ఎక్కువ పెడితే ఆ లోటు తీరిపోతుంది. పైగా ర్యాంకు కోసం పోటీపడేవారి ఇంటర్ మార్కులు దగ్గరదగ్గరగా ఉంటాయి, తేడా తెచ్చేది పరీక్షే. తెలుగు, ఇంగ్లిష్ మార్కులకైతే ఈ లెక్కలో చోటే లేదు.

ఇతరులూ తూకాన్ని మార్చి చూశారు. తమిళనాడు 2007లో ఇంజనీరింగ్, వైద్య ప్రవేశ పరీక్షనే తీసేసి ప్లస్ టూ మార్కులకు మళ్లింది. జేఈఈ మెయిన్ 2013లో బోర్డు మార్కులకు 40 శాతం ఇచ్చి 2017లో ఆపేసింది. అదే 2017 నుంచి మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకు తప్ప మరో ఆధారం లేకుండా పోయింది.

వీటన్నిటికీ ఎదురు నిలిచింది నూజివీడు. 2008లో ఇడుపులపాయ, బాసరలతో పాటు ఇక్కడ ట్రిపుల్ ఐటీగా పిలిచే ఆర్జీయూకేటీ ప్రాంగణం పెట్టారు. పదో తరగతి అయిన వెంటనే ఆరేళ్ల కోర్సు. ప్రవేశ పరీక్ష లేదు. అంతకన్నా ముఖ్యంగా, ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివినవారి గ్రేడ్ పాయింట్లకు 0.4 కలిపేవారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెచ్చుకున్న 9.6, కార్పొరేట్ బడిలోని 10తో సమానమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మార్కు ఎక్కడ పుట్టిందో చూసి విలువ కట్టిన పద్ధతి ఇది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచన ఉన్న నిర్ణయం ఇదే. లోపాలు లేకపోలేదు. పదికి పది వచ్చినవారు ఎక్కువైతే గణితం, సైన్సు గ్రేడ్లు చూసుకుంటూ పోయి, చివరికి పుట్టిన తేదీ దాకా వెళ్లాల్సి వచ్చేది.

కరోనా రెండు పద్ధతులనూ తలకిందులు చేసింది. పదో తరగతి పరీక్షలు రద్దవడంతో 2020లో నూజివీడు సీట్లకు ప్రవేశ పరీక్ష పెట్టక తప్పలేదు. 2021లో ఇంటర్ పరీక్షలు జరగక, ఈఏపీసెట్‌గా పేరు మారిన ఎంసెట్ నూటికి నూరు పాళ్లూ పరీక్ష మార్కులపైనే నడిచింది. తర్వాత నూజివీడు పాత దారికొచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్ పాతిక శాతం వెయిటేజీని తిరిగి తెచ్చుకుంది.

అదే 2023లో తెలంగాణ దాన్ని శాశ్వతంగా తొలగించింది. దాంతో పెనుబల్లి విద్యార్థికి ర్యాంకులో కలవని ఇంటర్ మార్కులు తిరువూరు విద్యార్థికి ఇప్పటికీ కలుస్తున్నాయి. ఉమ్మడి ప్రవేశాలకు రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు కూడా 2024 జూన్ 2తో ముగిసింది. అప్పటిదాకా తిరువూరు పిల్లలు హైదరాబాద్ కళాశాలల్లో పోటీపడిన 15 శాతం సీట్ల తలుపు 2025 ప్రవేశాలతో మూతపడింది.