నీటికీ గాలికీ నడుమ వేరు: గోదావరి డెల్టాలో కొమ్మ నాటే విద్య

విత్తనంతో పనిలేకుండా, తల్లిమొక్క నుంచి కోసిన కొమ్మముక్కకే వేరు పుట్టించి దానిని స్వతంత్రమైన మొక్కగా నిలబెట్టే విద్య గోదావరి డెల్టాలో వరిసాగు పక్కనే, దానికి దక్కినంత గుర్తింపు దక్కకుండా, తరతరాలుగా సాగుతూ వచ్చింది. నేడు కొన్ని ఇళ్ళ మిద్దెల మీద ప్లాస్టిక్ బకెట్టు, చేపల తొట్టికి వాడే చిన్న గాలిపంపు, స్పాంజి ముక్కలు ఉపయోగించి మట్టి లేకుండానే కొమ్మలకు వేరు తెప్పిస్తున్న పద్ధతి రూపంలో కొత్తదే అయినా, దాని వెనుక ఉన్న సమస్య మాత్రం ఈ నేలకు చిరపరిచితమైనది. కోసిన కొమ్మ ఎండిపోకుండా ఉండాలంటే నీరు కావాలి, కుళ్ళిపోకుండా ఉండాలంటే గాలి కావాలి. ఈ రెండింటినీ ఒకే చోట, ఒకే సమయంలో అందించడానికి డెల్టా రైతులు, నర్సరీ పనివారు కనుగొన్న మార్గాల వరుసే ఈ విద్య చరిత్ర.

వశిష్ఠ గోదావరి కుడిగట్టుకు చేరువలో, పశ్చిమ డెల్టాలో ఉన్న పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రంగా దేశమంతటా ఆర్యవైశ్యులకు పరిచితం. కాగా వ్యవసాయ చరిత్ర దృష్టితో చూసినప్పుడు ఆ ఊరి ప్రాముఖ్యం అది ఉన్న చోటులో కనిపిస్తుంది. ఒకవైపు 1925 నుంచి వరి పరిశోధన సాగుతున్న మార్టేరు, మరొకవైపు 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపనతో చెరకుకు కేంద్రమైన తణుకు దగ్గరలోనే ఉన్నాయి. సిద్ధాంతం గ్రామం వద్ద వశిష్ఠ వంతెన దాటితే అరటి వ్యాపారానికి పేరుపొందిన రావులపాలెం, అక్కడి నుంచి గౌతమి దాటి జొన్నాడ మీదుగా వెళితే కడియపులంక నర్సరీలు వస్తాయి. చెరకు ముచ్చె (నాటడానికి కోసిన గడముక్క), తమలపాకు తీగ, క్రోటన్ కొమ్మ అన్నీ ఈ కొద్దిపాటి దూరంలోనే మొక్కలవుతున్నాయి.

వేరు మామూలుగా పుట్టవలసిన చోట కాకుండా కాండం నుంచో ఆకు నుంచో పుట్టినప్పుడు దానిని వృక్షశాస్త్రంలో అబ్బురపు వేరు అంటారు. ఈ వేర్లు పుట్టే తీరును బట్టి కొమ్మ నాటే మొక్కలను రెండు తెగలుగా చూడవచ్చు. చెరకు, తమలపాకు, మిరియం వంటి వాటిలో కణుపు దగ్గర వేరు మొలకలు ముందుగానే ఏర్పడి నిద్రాణంగా ఉంటాయి కాబట్టి తడి తగిలితే చాలు, అవి బయటికి వస్తాయి. గులాబీ, మందార, క్రోటన్ వంటి వాటిలో అటువంటి సిద్ధపాటు అంతగా ఉండదు. కోత పడిన తరువాత గాయం చుట్టూ కణాలు విభజన చెంది, వాటిలో కొన్ని వేరుగా మారే దారి పట్టవలసి ఉంటుంది, అందుకు రోజులు కాదు, తరచుగా వారాలు పడుతుంది. పాత డెల్టా సాగు మొదటి తెగ మీద నిలబడగా, నర్సరీ పరిశ్రమ రెండవ తెగను లొంగదీసుకోవడంతో ఎదిగింది.

మొదటి తెగను గురించి డెల్టా ప్రాంతం నుంచి వచ్చిన అత్యంత విలువైన వ్రాతసాక్ష్యం విలియం రాక్స్‌బర్గ్‌ది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా 1781లో సామర్లకోటకు వచ్చిన ఈ స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు 1793లో కలకత్తా ఉద్యానానికి అధిపతిగా వెళ్ళేవరకు అక్కడే తోట పెంచాడు, సమీపపు కొండల్లో సహజంగా పెరిగే మిరియపు తీగను సాగులోకి తేవడానికి పూనుకున్నాడు, తెలుగు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. రాజమహేంద్రవరం సర్కారులో చెరకు పండించే పద్ధతిని గురించి ఆయన రాసిన వివరణలో కొమ్మ నాటే పని కళ్ళకు కట్టినట్లుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పదేపదే దున్నిన పొలాన్ని మే చివర, జూన్ మొదట వానతో గాని, వాన ఆలస్యమైతే ఏటినీటితో గాని మెత్తని బురదగా చేస్తారు. ఒకటి రెండు కణుపులున్న ముచ్చెలను బుట్టల్లో పట్టుకొని కూలీలు వరుసగా నడుస్తూ, ముచ్చెకూ ముచ్చెకూ సుమారు 18 అంగుళాలు, సాలుకూ సాలుకూ 4 అడుగులు ఎడం ఉండేలా జారవిడుస్తారు. వెనుక వచ్చేవారు కాలితో ఆ ముచ్చెను రెండంగుళాల లోతుకు అదిమి, పాదంతోనే దాని మీదికి బురదను తోస్తారు.

ఈ వివరణలో గమనించవలసినది ఆ రెండంగుళాల లోతు. బురద ముచ్చెను అన్ని వైపులా అంటిపెట్టుకొని తడి ఇస్తుంది, కాని లోతు తక్కువ కావడం వల్ల పై పొర తొందరగా ఆరి బీటలువారి లోపలికి గాలి దిగుతుంది. ఇంకాస్త లోతుగా అదిమితే కన్ను కుళ్ళుతుంది, పైపైన వదిలితే ముచ్చె ఎండుతుంది. ఈ కొలతను ఏ గ్రంథమూ ఆ కూలీలకు నేర్పలేదు. పాదానికి తెలిసిన ఆ లోతును ఒక విదేశీ శాస్త్రజ్ఞుడు అంత శ్రద్ధగా నమోదు చేయడం వల్లనే నేటి పాఠకునికి అది దక్కింది, అందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పుకోవలసి ఉంది.

శాఖీయ ప్రవర్ధనం, అంటే విత్తనం కాక మొక్క భాగం నుంచే కొత్త మొక్కను పెంచడం, అంతకంటే ఎంతో పూర్వం నుంచే భారతదేశంలో శాస్త్రంగా గుర్తింపు పొందింది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద ప్రకరణంలో పనస, అశోకం, అరటి, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలం వంటి వాటిని కాండంతో నాటదగినవిగా చెప్పి, ముక్కకు ఆవుపేడ పూసి నాటమన్నాడు. కోసిన చోటు ఎండకుండా పేడ పూత తేమను పట్టి ఉంచుతుందని భావించవచ్చు.

కొమ్మ నుంచి వచ్చిన ప్రతి మొక్కా తల్లికి అచ్చమైన నకలు కావడం ఈ విద్యకు బలమే అయినా, అదే దాని ప్రమాదం కూడా. పంతొమ్మిదవ శతాబ్దం చివర గోదావరి డెల్టా చెరకును ఎర్రకుళ్ళు తెగులు ధ్వంసం చేసింది. గడ లోపలి భాగాన్ని ఎర్రబరచి పులిసిన వాసన తెప్పించే ఈ శిలీంధ్రం ముచ్చెలోనే దాగి పొలం నుంచి పొలానికి ప్రయాణించింది. దాని మీద పరిశోధన కోసమే 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం ఏర్పడింది, వృక్షశాస్త్రజ్ఞుడు సి. ఎ. బార్బర్ ఆధ్వర్యంలో ఆరోగ్యకరమైన ముచ్చెల ఎంపిక, రెడ్ మారిషస్ వంటి తట్టుకునే రకాల వ్యాప్తి అక్కడి నుంచి సాగాయి. బార్బర్ తరువాత 1912లో కోయంబత్తూరులో నెలకొన్న చెరకు ప్రజనన కేంద్రానికి వెళ్ళాడు. భారత చెరకు పరిశోధనకు మొదటి పాఠాల్లో ఒకటి ఈ డెల్టా రైతుల నష్టం నుంచి వచ్చిందన్న విషయం తెలుగునాట కూడా తగినంతగా చెప్పుకోవడం లేదు.

ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి నిర్మించిన ఆనకట్ట ఈ విద్యకు కొత్త పునాది వేసింది. నదిలో నీరున్నప్పుడే తడి అనే పరిస్థితి పోయి, కాలువల ద్వారా ఏడాదిలో ఎక్కువ కాలం నికరంగా నీరు అందడంతో తోటల సాగు విస్తరించింది. అయితే డెల్టా నల్లమట్టిలో నీరు సమృద్ధిగా నిలవడమే కొమ్మకు శత్రువు. వరికి ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే వరి కాండంలో, వేరులో గాలి గదులతో కూడిన కణజాలం ఉండి పైనుంచి ప్రాణవాయువును వేరు కొస వరకు చేరవేస్తుంది. తమలపాకు తీగకు అటువంటి ఏర్పాటు లేదు. అందుకే ఆకుతోటల్లో ఎత్తైన మడులు పోసి, వాటి నడుమ లోతైన కాలువలు తీసి, ముందుగా అవిసె పెంచి, దాని మొదట తీగముక్కలను నాటి, అవిసె నీడలో, కాలువ తేమలో, మడి మీది గాలిలో వేరు పట్టనిచ్చారు.

రెండవ తెగ మొక్కల విషయంలో ఇంతకంటే నేర్పు అవసరమైంది. కొమ్మను కోసి నాటితే వేరు రాకముందే వాడిపోతుందన్న భయంతో, తల్లిమొక్క మీద ఉండగానే దానికి వేరు తెప్పించే పద్ధతి భారతదేశంలో చాలాకాలంగా ఉంది. దానిని గుట్టి అంటు లేదా గాలి అంటు అంటారు. కొమ్మ చుట్టూ అంగుళం మేర బెరడు ఒలిచి, ఆ చోట మట్టిముద్ద పెట్టి, పీచుతోనో గోనెగుడ్డతోనో కట్టి తడిగా ఉంచుతారు. ఆకుల నుంచి కిందికి దిగే ఆహారం, వేరు పుట్టించే సహజ పదార్థం బెరడు లేని చోట ఆగిపోయి, అక్కడే వేర్లు వస్తాయి. జామ, దానిమ్మ, నిమ్మ వంటి వాటికి ఇది బాగా పనికివచ్చింది. బెంగాల్‌లో మతాచార్యుడిగా పనిచేసిన ఫర్మింజర్ 1860ల్లో వెలువరించిన తోటపని గ్రంథంలో ఈ అంటుకు తోటమాలులు చేసే ఒక ఏర్పాటును వర్ణించాడు: అడుగున చిల్లి పెట్టిన కుండను కొమ్మకు పైన వేలాడదీసి, చిల్లిలోంచి తాడు దించి, దాని కొసను మట్టిముద్ద చుట్టూ చుట్టి, కుండలో నీరు పోస్తే, బొట్టు బొట్టుగా తాడు వెంట దిగిన నీరు ముద్దను ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. ముద్ద నీటిలో మునగదు, చుట్టూ గాలి ఆడుతుంది, నీరు మాత్రం ఆగదు. మట్టిముద్ద ఒక్కటి మినహాయిస్తే, నేటి బకెట్టు పద్ధతిలో ఉన్న సూత్రమంతా ఆ కుండలోనూ తాడులోనూ ఉన్నదని చెప్పడం అతిశయోక్తి కాదు. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన కర్నల్ గ్రోవ్ 1947లో మట్టికి బదులు తడి నాచు, దాని మీద పాలిథీన్ కాగితం చుట్టి ఈ అంటును సులభం చేశాడు. పాలిథీన్ తేమను ఆపుతూ కొంత గాలిని లోపలికి రానిస్తుంది, కాబట్టి కుండతో పని తప్పింది.

కడియం, కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి, జేగురుపాడు గ్రామాల నర్సరీలు ఈ విద్యలన్నిటినీ ఒకచోట చేర్చాయి. గోదావరి వరదలు లంకల్లో వదిలిన ఒండ్రు, అంటే నీటితో కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తని సారవంతమైన మట్టి, తేమను పట్టి ఉంచుతూనే నీటిని నిలవనివ్వదు; కాలువ పక్కనే ఉంది, రాజమహేంద్రవరం చేరువలో ఉంది, చెన్నై నుంచి కలకత్తా వెళ్ళే జాతీయ రహదారి ఊళ్ళ గుండానే పోతుంది. పండ్ల అంట్లతో, పూలమొక్కలతో మొదలైన వ్యాపారం అలంకరణ మొక్కల వైపు విస్తరించే కొద్దీ, ఒకే రంగు, ఒకే ఆకు ఉన్న వేల మొక్కలు కావలసి వచ్చాయి, దానికి కొమ్మ కత్తిరింపే ఏకైక చౌక మార్గమైంది. ఈ పనిలో అధికభాగం స్త్రీలది: కణుపు కింద ఏటవాలుగా కోయడం, కింది ఆకులు తుంచి పై ఆకులు సగానికి కత్తిరించడం, ఒండ్రు, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన సంచిలో గుచ్చి చుట్టూ వేళ్ళతో అదమడం. ఆ వేళ్ళ ఒత్తిడిలోనే నాటిన కొమ్మ బతుకు ఆధారపడి ఉన్నా, నర్సరీల ఖ్యాతిని గురించిన రాతల్లో వారి ప్రస్తావన అరుదు.

న్యూయార్క్ సమీపంలోని బాయిస్ థాంప్సన్ సంస్థలో 1935లో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అనే పరిశోధకులు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లానికి కొమ్మల్లో వేరు పుట్టించే శక్తి ఉందని చూపారు. ఇది ఆక్సిన్‌ల కోవకు చెందినది. మొక్క పెరుగుదలను నడిపే పదార్థాల్లో ఒక రకాన్ని ఆక్సిన్‌లంటారు. పొడి రూపంలో అంగడిలో దొరికే ఈ మందు, పచ్చని నీడవలలు, పొగమంచులా నీరు చల్లే గదులు, కోనసీమ కొబ్బరి నుంచి వచ్చే పీచుపొట్టు క్రమంగా నర్సరీల్లోకి ప్రవేశించి, మొండి మొక్కలను కూడా లొంగదీశాయి. కొబ్బరిపొట్టు రాకతో మట్టి పాత్ర తగ్గడం మొదలైంది, ఎందుకంటే వేరు పట్టే దశలో కొమ్మకు మట్టి నుంచి కావలసింది ఆహారం కాదని, పట్టు, తడి, గాలి మాత్రమేనని స్పష్టమైంది.

మట్టి లేకుండా మొక్కను పెంచవచ్చని ప్రయోగశాలల్లో అంతకు చాలా ముందే తేలింది. జర్మనీలో సాక్స్, నాప్ 1860ల్లో లవణాలు కరిగించిన నీటిలో మొక్కలు పెంచారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెరికె దానిని పంటస్థాయికి తెచ్చి 1937లో హైడ్రోపోనిక్స్ అనే పేరు వాడుకలోకి తెచ్చాడు. భారతదేశంలో 1946లో షోల్టో డగ్లస్ కాలింపాంగ్‌లో ఖరీదైన పరికరాలు లేకుండా ఇసుక, కంకరలతో చేసిన ప్రయోగాలు బెంగాల్ పద్ధతిగా ప్రసిద్ధమయ్యాయి. నీటిలో ముంచడానికి బదులు గాలిలో వేలాడే వేరుపై నీటిని చల్లే పద్ధతికి 1957లో వెంట్ ఏరోపోనిక్స్ అని పేరుపెట్టాడు. 1980ల్లో అమెరికాలో కొమ్మలకు వేరు పట్టించే యంత్రాలుగా ఇవి అమ్మకానికి వచ్చాయి, వాటిని చూసి ఇంట్లోనే చేసుకొన్న చౌక రూపమే నేటి బకెట్టు.

ఈ బకెట్టు నిర్మాణం సరళం. మూతకు చిల్లులు పెట్టి, స్పాంజి బిళ్ళలో బిగించిన కొమ్మలను వాటిలో దించి, లోపల కొద్దిపాటి నీరు పోసి, గాలిపంపుతో బుడగలు పుట్టించడమో, చిన్న మునిగే పంపుతో నీటిని కొమ్మ మొదళ్ళపై చల్లించడమో చేస్తారు. మొదటి రోజుల్లో లవణాలు అక్కరలేదు, వేరు కనిపించాక మాత్రమే బాగా పలుచన చేసిన పోషక ద్రావణం కలుపుతారు. బుడగల అవసరం అంకెల్లో తెలుస్తుంది: 25 డిగ్రీల వద్ద లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే, అదే ఉష్ణోగ్రత వద్ద లీటరు నీటిలో గరిష్ఠంగా కరిగేది 8 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ మాత్రమే, పైగా అది నీటిలో గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. భీమవరం, ఉండి పరిసరాల్లో రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు తిప్పే రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు తగ్గితే రొయ్య తేలిపోయినట్టే, కదలని నీటిలో కొమ్మ మొదలు నల్లబడి జిగురుగా మారుతుంది.

నీరు వేడెక్కేకొద్దీ సమస్య తీవ్రమవుతుంది, ఎందుకంటే 35 డిగ్రీల వద్ద నీటిలో కరిగే ప్రాణవాయువు 7 మిల్లీగ్రాముల లోపుకు పడిపోగా, అదే వేడిలో కొమ్మ కణాలు ఎక్కువ ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి, కుళ్ళు కలిగించే శిలీంధ్రాలూ విజృంభిస్తాయి. సామర్లకోటలో 1902 నాటి పాఠం ఇక్కడ మళ్ళీ వర్తిస్తుంది: ఒకే నీటిని పంచుకొనే పది కొమ్మల్లో ఒక్కటి తెగులుతో వచ్చినా, పొలంలో నెలలు పట్టే వ్యాప్తి బకెట్టులో రోజుల్లో ముగుస్తుంది. ఆరోగ్యమైన తల్లిమొక్క ఎంపిక, కత్తిని శుభ్రపరచడం, నీటిని తరచుగా మార్చడం ఈ పద్ధతిలో మందుకంటే ముఖ్యమైనవి.

నీటిలో పుట్టిన వేరు తెల్లగా, పెళుసుగా, నూగు తక్కువగా ఉంటుంది కాబట్టి, దానిని నేరుగా ఎండలోని మట్టిలోకి మారిస్తే మొక్క వాడుతుంది. వేరు రెండు మూడు సెంటీమీటర్లు రాగానే తడి కొబ్బరిపొట్టులోకి మార్చి, కొన్నాళ్ళు నీడలో, మూతకింద ఉంచి, ఆ మూతను రోజురోజుకూ కొంచెం కొంచెంగా తెరుస్తూ మొక్కను బయటి గాలికి అలవాటు చేయాలి. వేసవిలో కాలువలు మూసి డెల్టా అంతా ఎండలో ఉన్న నెలలకంటే, వానలు తగ్గి రాత్రులు చల్లబడే కార్తికం నుంచి మాఘం వరకు పెనుగొండ పరిసరాల్లో ఈ పనికి అనువైన కాలం.