కోడి జుట్టు ఆకృతుల అనువంశికత

కోడి తలపై ఎర్రగా, కండతో పెరిగే భాగాన్ని జుట్టు లేదా శిఖ అంటారు. పుంజులలో ఇది పెద్దదిగానూ, పెట్టలలో చిన్నదిగానూ ఉంటుంది. దీని ఆకృతి జన్యువుల ద్వారా తరతరానికి సంక్రమిస్తుంది. మెదక్ జిల్లా హవేలిఘనపూర్ మొదలుకొని తెలుగు పల్లెలన్నింటా పెరటి కోళ్ళను సంకరపరచేవారికి ఈ విషయం ఉపయోగకరమైనది.

ముఖ్యమైన ఆకృతులు

* ఒంటి జుట్టు: రంపపు పళ్ళవంటి అంచు గల ఒకే పలుచని రేకు. అడవికోడిలోనూ, తెల్ల లెగ్‌హార్న్ జాతిలోనూ ఇదే కనిపిస్తుంది.
* బఠాణీ జుట్టు: తలకు అంటుకొని మూడు వరుసలుగా ఉండే చిన్న జుట్టు. పందెం కోడిగా పేరొందిన అసీల్ జాతి లక్షణం ఇది. పోరులో ప్రత్యర్థి ముక్కుకు సులభంగా చిక్కదు.
* గులాబీ జుట్టు: వెడల్పుగా, బుడిపెలతో ఉండి వెనుక మొనదేలుతుంది. వయాండాట్ జాతిలో ఉంటుంది.
* అక్రోటు జుట్టు: అక్రోటు గింజవలె ముడతలు పడినది.

చరిత్ర

1902లో విలియం బేట్‌సన్ కోళ్ళ జుట్టుపై జరిపిన ప్రయోగాలు, మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని చూపిన తొలి ప్రయోగాలలోనివి. వాటిలో బఠాణీ జుట్టుకై వాడిన ఇండియన్ గేమ్ జాతిని ఇంగ్లాండులోని కార్న్‌వాల్‌లో అసీల్ కోళ్ళ సంకరంతో రూపొందించారు. తరువాత బేట్‌సన్, పున్నెట్‌లు అక్రోటు జుట్టు రెండు జన్యువుల కలయిక వలన కలుగుతుందని నిరూపించారు.

జన్యు విధానం

గులాబీ జన్యువు (ఆర్), బఠాణీ జన్యువు (పి) రెండూ బహిర్గతమైనవి. ఆర్ మాత్రమే ఉంటే గులాబీ, పి మాత్రమే ఉంటే బఠాణీ, రెండూ ఉంటే అక్రోటు, రెండూ లేకుంటే ఒంటి జుట్టు ఏర్పడుతుంది. శుద్ధ గులాబీ, శుద్ధ బఠాణీ కోళ్ళను కలిపితే మొదటి తరమంతా అక్రోటు జుట్టుతో పుడుతుంది. ఆ తరం కోళ్ళను తమలో తాము జతపరిస్తే అక్రోటు, గులాబీ, బఠాణీ, ఒంటి జుట్టు కోళ్ళు 9:3:3:1 నిష్పత్తిలో వస్తాయి.

బఠాణీ జుట్టుకు సాక్స్5 జన్యువులోని ఒక భాగం పలుమార్లు పునరావృతం కావడమే కారణమని 2009లో కనుగొన్నారు. గులాబీ జుట్టుకు 7వ క్రోమోజోములో ఒక భాగం తలకిందులు కావడం కారణమని 2012లో తేలింది. ఈ మార్పు రెండు ప్రతులు గల పుంజులలో వీర్యకణాల చలనం తగ్గి, గుడ్లు పొదిగే శాతం పడిపోతుంది. అందువలన గులాబీ జుట్టు మందలో ఒక ప్రతి మాత్రమే గల పుంజులను ఉంచడం మేలు.

పెరటి పెంపకంలో ఉపయోగం

శుద్ధ అసీల్ పుంజును ఒంటి జుట్టు పెట్టతో కలిపితే పిల్లలన్నీ బఠాణీ జుట్టుతోనే పుడతాయి. అయితే వాటి జుట్టు శుద్ధ అసీల్ కంటే కొంత ఎత్తుగా ఉంటుంది. వీటిని తిరిగి ఒంటి జుట్టు కోళ్ళతో కలిపితే సగం పిల్లలు ఒంటి జుట్టుతో వస్తాయి. కాబట్టి బఠాణీ జుట్టును చూసి మాత్రమే కోడిని శుద్ధ అసీల్ అని నమ్మి అధిక ధర చెల్లించరాదు.

అనుమానమున్న పుంజును ఒంటి జుట్టు పెట్టలతో జతపరచి పరీక్షించవచ్చు. ఒక్క పిల్ల ఒంటి జుట్టుతో వచ్చినా, ఆ పుంజులో బఠాణీ జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్నట్లు. అటువంటి పుంజుకు వరుసగా 7 పిల్లలు బఠాణీ జుట్టుతోనే పుట్టే అవకాశం 128లో 1 మాత్రమే. ఈ పరీక్ష జుట్టు జన్యువుకే పరిమితం. జాతి శుద్ధిని నిర్ణయించడానికి కాళ్ళు, మెడ, ఈకలు, వంశ చరిత్రను కూడా పరిశీలించాలి.

వేసవి తీవ్రంగా ఉండే ప్రాంతాలలో పెద్ద ఒంటి జుట్టు శరీరపు వేడిని బయటకు పంపడానికి తోడ్పడుతుంది.