మోటుపల్లి శాసనం నుంచి ఎం.వి. రుయెన్ దాకా: సముద్రపు దొంగల్ని ఆపిన కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం మా పెద్దమ్మ. 2024 సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది సోంపేట దగ్గర, ఉద్దానం. మా వైపు ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకింట్లో జీడితోట, పక్కింట్లో గల్ఫ్‌లో వెల్డరు, ఆ పక్కింట్లో షిప్పు మీద సీమన్. మా పెద్దమ్మ కొడుకు ఆ మూడో రకం, ఇంజిన్ రూమ్‌లో ఆయిలర్. ఆ పండక్కి అన్నయ్య ఇంట్లో లేడు, అరేబియా సముద్రంలో ఉన్నాడు. టీవీలో చూస్తే ఎం.వి. లీలా నార్ఫోక్ అనే ఓడ మీదకి దొంగలెక్కారని వార్త. పెద్దమ్మ అరిసెల పాకం తిప్పుతూనే అడిగింది.

"ఒరే, కంప్యూటర్లో అన్నీ సూత్తావు కదా. ఆ దొంగలెక్కితే మనోడి సేతిలో తుపాకీ ఉంటాదేటి?"

"ఉండదు పెద్దమ్మా."

"మరేటి సేత్తాడు?"

"గదిలోకెళ్ళి తలుపేసుకుంటాడు."

ఎటకారం ఆడుతున్నాననుకుంది. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్తాను. కాకపోతే కథ 780 ఏళ్ళ వెనక నుంచి మొదలెట్టాలి.

1244-45 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లి. చరిత్ర పుస్తకాల్లో దీన్ని అభయశాసనం అంటారు. పరీక్షలకి మనం దాని పేరూ సంవత్సరమూ బట్టీ పట్టాం, అందులో ఏముందో మాత్రం పట్టించుకోలేదు. అందులో ఏముందంటే: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతున్న ఓడలు తుఫానుకి పగిలి, వెళ్ళకూడని చోటికి కొట్టుకొస్తే, పాత రాజులు అందులోని సరుకంతా బలవంతంగా లాగేసుకునేవాళ్ళు. నేను అలా చెయ్యను, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాను అంటాడు గణపతిదేవుడు. ఆ తర్వాత చందనం, కర్పూరం, ముత్యాలు ఇలా సరుకుల పేర్లు, వాటి మీద పన్నులు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలండి. దోచుకున్నది ఎవరు? దొంగలు కాదు, రాజులే. ఆ రోజుల్లో అది ఒక రకమైన హక్కు. ఆ శతాబ్దం చివర్లో మన తీరాన్ని గురించి రాసిన మార్కో పోలో పడమటి తీరం గురించి కూడా ఇదే చెప్పాడు. అక్కడి ఒక రేవుకి రావాలనుకోని ఓడ పొరపాటున వస్తే, దేవుడే మా దగ్గరికి పంపాడని చెప్పి మొత్తం తీసేసుకుంటారట. మలబారు దొంగల పద్ధతి కూడా రాశాడు. పడవల్ని కొన్ని మైళ్ళకొకటి చొప్పున వరసగా నిలబెట్టి, వందమైళ్ళ సముద్రాన్ని కాపు కాస్తారట. ఒకడికి ఓడ కనిపిస్తే మంటతోనో పొగతోనో మిగతావాళ్ళకి సైగ. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను చూసిన కొన్ని నెట్‌వర్క్‌ల కన్నా ఇదే బాగా పనిచేసి ఉంటుంది.

మోటుపల్లి రాజుగారికి తెలిసిన సంగతి ఏంటంటే, దొంగకి ఒడ్డు కావాలి. సరుకు దింపడానికి, అమ్ముకోవడానికి, ఓడని దాచడానికి ఎక్కడో ఒక రేవు కావాలి. ఆ రేవు ఎవరి చేతిలో ఉందో వాడు సరేనంటే దోపిడీ నడుస్తుంది, వద్దంటే ఆగుతుంది. 1358లో అనపోత రెడ్డి కూడా మోటుపల్లిలో ఇలాంటి అభయమే మళ్ళీ ఇచ్చాడు. ఒకసారి రాసిన మాట వందేళ్ళకి మళ్ళీ రాయాల్సి వచ్చిందంటే మధ్యలో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒడ్డు ఉన్న దొంగ ఎలా ఉంటాడో చూడాలంటే 1680లలోకి రండి. శామ్యూల్ వైట్ అని ఒక ఇంగ్లీషువాడు. సయాం రాజు కొలువులో చేరి, మెర్గుయి రేవుకి షాబందరు అయ్యాడు. ఇప్పుడా ఊరు మయన్మార్‌లో ఉంది. సయాంకీ గోల్కొండకీ గొడవ వచ్చిందని ఒక వంక పట్టుకుని, యుద్ధం పేరు చెప్పి మచిలీపట్నం వైపు తిరిగే గోల్కొండ వర్తకుల ఓడల మీద పడ్డాడు. గోల్కొండ వాళ్ళు మద్రాసులో కంపెనీని నిలదీస్తే, అతను మా మనిషి కాదు, సయాం రాజు మనిషి అని జవాబు. ఓడ ఒకరిది, జెండా ఇంకొకరిది, కెప్టెన్ వేరొకరు. నష్టపోయిన వర్తకుడు ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలో తెలియదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇక మన కాలానికి వస్తే, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందం పైరసీకి నిర్వచనం ఇచ్చింది. సొంత లాభం కోసం, ఒక ఓడలోని వాళ్ళు ఇంకో ఓడ మీద, ఏ దేశపు ప్రాదేశిక జలాల్లోనూ కాని చోట చేస్తేనే పైరసీ. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపల జరిగితే అది సాయుధ దోపిడీ, ఆ దేశపు పోలీసు కేసు. మన కాకినాడ దగ్గర లంగరేసిన ఓడల మీదకి రాత్రిపూట ఎక్కి తాళ్ళూ సామాన్లూ ఎత్తుకెళ్ళిన ఘటనలు సింగపూర్‌లోని రీకాప్ కేంద్రం రిపోర్టుల్లో కనిపిస్తాయి. అవి పైరసీ లెక్కలోకి రావు. అన్నయ్యని అడిగితే, "తాడు పోతే పోయింది, మనిషి పోకపోతే సాలు" అన్నాడు.

సరే, పట్టుకున్నారనుకుందాం. తర్వాత? 1999 అక్టోబరులో అలోండ్రా రెయిన్‌బో అనే జపాన్ వాళ్ళ ఓడని ఇండోనేషియా దగ్గర దొంగలు కాజేశారు. పేరు మార్చి మెగా రామా అని రాసేశారు. నవంబరులో మన కోస్ట్ గార్డూ, నేవీ కలిసి అరేబియా సముద్రంలో వెంటాడి పట్టుకున్నాయి. ప్రపంచమంతా మెచ్చుకుంది. 2003లో ముంబయి సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2005లో హైకోర్టు వదిలేసింది. జపాన్ వాళ్ళ ఓడ, ఇండోనేషియా నేరస్తులు, నేరం జరిగింది మన నీళ్ళలో కాదు, మన చట్టంలో పైరసీ అనే నేరానికి విడిగా సెక్షనే లేదు. శామ్యూల్ వైట్ కథ మళ్ళీ చదివినట్టు లేదూ?

అప్పుడే మన దగ్గర చట్టం చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. ఈలోగా సోమాలియా వచ్చింది. 1991లో అక్కడ ప్రభుత్వం కూలిపోయింది. కాపలా లేని సముద్రంలోకి విదేశీ ట్రాలర్లు దూరి చేపలు ఊడ్చేశాయి. మేమే కోస్ట్ గార్డులం అని చెప్పుకుంటూ మొదలైనవాళ్ళు ఓడల్ని పట్టి డబ్బు అడగడం నేర్చుకున్నారు. చేపల కథ నిజమే, కానీ గోధుమలు మోసే ఓడలో వంటవాణ్ణి ఏళ్ళ తరబడి బంధించడానికి అది సరిపోయే కారణం కాదని నా అభిప్రాయం. 2010లో ప్రపంచవ్యాప్తంగా 1,181 మంది నావికుల్ని బందీలుగా పట్టుకున్నారు. 2011లో ఒక్క సోమాలీ దొంగల దాడులే 237.

2008 అక్టోబరు నుంచి మన నేవీ ఏడెన్ గల్ఫ్‌లో కాపలాకి దిగింది. ఆ నవంబరులోనే ఐ.ఎన్.ఎస్. తబర్ దొంగల తల్లి ఓడని ముంచేసిందని టీవీలు హోరెత్తించాయి. తర్వాత తేలింది, అది అదే రోజు దొంగలు పట్టుకున్న థాయ్‌లాండ్ వాళ్ళ చేపల ట్రాలర్. పనివాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు. వాళ్ళలో ఒక్కడు రోజుల తరబడి నీళ్ళలో తేలి బతికి బయటపడ్డాడు. ఆ ట్రాలర్ నుంచే కాల్పుల బెదిరింపు వచ్చిందని నేవీ చెప్పింది. చీకట్లో, దూరం నుంచి, దొంగనీ బందీనీ వేరు చేసి చూపించే యంత్రం ఏదీ లేదండి.

2011లో నేవీ మంచి ఊపు మీద ఉంది. జనవరిలో ప్రాంతలే 14 నుంచి 15 మంది దొంగలు, ఫిబ్రవరిలో ప్రాంతలే 11 నుంచి 28, మార్చిలో వేగా 5 నుంచి 61, ఆ నెలాఖరులో ఇరాన్ ట్రాలర్ మొర్తజా నుంచి 16. మొత్తం 120 మంది. అందరూ ముంబయి జైలుకి.

ఇప్పుడు ఆ లెక్కకి రెండో వైపు. ఆస్ఫాల్ట్ వెంచర్ అనే తారు ట్యాంకరు 2010 సెప్టెంబరు 28న టాంజానియా దగ్గర హైజాక్ అయింది. లోపల 15 మంది, అందరూ భారతీయులే. 2011 ఏప్రిల్‌లో యజమానులు డబ్బు కట్టారు. దొంగలు డబ్బు తీసుకున్నారు, ఓడని వదిలారు, 8 మందిని వదిలారు. మిగతా 7 మందిని ఒడ్డుకి తీసుకుపోయారు. మీ జైల్లో ఉన్న మావాళ్ళని వదలండి, అప్పుడు వీళ్ళని వదుల్తాం అన్నారు. ఆ ఏడుగురూ ఇంటికొచ్చింది 2014 అక్టోబరు తర్వాత. నాలుగేళ్ళు పైనే.

ఈ ముక్క రాసుకునేటప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. నేవీ తప్పు చేసిందని అనలేను. ఆ 120 మందిని వదిలేసి ఉంటే ఇంకెన్ని ఓడలు ఎక్కేవాళ్ళో. కానీ ఆ ఏడుగురి ఇళ్ళలో మా పెద్దమ్మ లాంటివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ ముందు కూర్చుని ఈ లెక్క చెప్పమంటే నా వల్ల కాదు.

మరి ఓడ మీదే తుపాకీ ఉంటే? అదీ చేశారు. డబ్బున్న కంపెనీలు సాయుధ గార్డుల్ని పెట్టుకున్నాయి. ఫలితం కనిపించింది, కాదనను. కానీ 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి 20 మైళ్ళ దూరంలో, ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకరు మీది మెరైన్లు దొంగలనుకుని ఇద్దరు మత్స్యకారుల్ని కాల్చి చంపారు. ఒకప్పుడు ప్రమాదకర ప్రాంతం గీత 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా, అంటే మన పడమటి తీరాన్ని కలిపి గీశారు. ఆ గీత లోపల కనిపించే ప్రతి చిన్న పడవా అనుమానమే. మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వందల మంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి ఆ సముద్రంలోనే వేట చేస్తారు. 2018లో పాకిస్తాన్ పట్టుకున్నది అలాంటి మనవాళ్ళనే. అందుకని ఆ గీత వాళ్ళకి కాగితం మీది గీత కాదు. భారతదేశం పట్టుబట్టాక 2015 డిసెంబరులో దాన్ని 65 డిగ్రీలకి జరిపారు.

నిజంగా పనిచేసినవి టీవీలో చూపించేంత గొప్పగా ఉండవు. 2009లో ఏడెన్ గల్ఫ్‌లో ఒక దారి గీసి, ఓడలు గుంపుగా పొమ్మన్నారు, పక్కన యుద్ధనౌకలు. 18 నాట్ల కన్నా వేగంగా పోయే ఓడని దొంగలు ఎక్కగలిగిన దాఖలా అప్పటికి లేదు, కాబట్టి వేగం తగ్గించొద్దన్నారు. రెయిలింగుకి ముళ్ళకంచె, అంచు పొడవునా నీటి గొట్టాలు. ఎక్కనే ఎక్కితే అందరూ సిటడెల్‌లోకి: ఇంజిన్లు ఆపగలిగేలా, శాటిలైట్ ఫోనూ తిండీ నీళ్ళూ ఉండేలా ఏర్పాటు చేసిన గట్టి తలుపుల గది. బందీలు దొరక్కపోతే దొంగ దగ్గర బేరమే లేదు, నేవీకి కాల్చడానికి భయమూ లేదు. 2012కి సోమాలీ దాడులు 75కి, 2013కి 15కి పడిపోయాయి.

లీలా నార్ఫోక్‌లో జరిగింది కూడా అదే. 21 మంది, అందులో 15 మంది మనవాళ్ళు, సిటడెల్‌లో కూర్చున్నారు. ఐ.ఎన్.ఎస్. చెన్నై నుంచి మార్కోస్ కమాండోలు ఎక్కి చూస్తే దొంగలు అప్పటికే దిగిపోయారు.

ఇంతలో ఒక వింత. హిందూ మహాసముద్రంలో ఇక ప్రమాదం లేదని 2023 జనవరి 1 నుంచి ఆ గీతని పూర్తిగా తీసేశారు. ఏడాది తిరక్కుండా, డిసెంబరు 14న, ఎం.వి. రుయెన్ హైజాక్ అయింది. మూడు నెలలు దాన్నే తల్లి ఓడగా వాడుకున్నారు. 2024 మార్చిలో ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా దాన్ని అడ్డుకుంది. నిఘా డ్రోన్‌ని దొంగలు కాల్చేశారు. మనవాళ్ళు ఓడ స్టీరింగ్ దెబ్బతీసి ఆపారు, సి-17 విమానం నుంచి మార్కోస్‌ని సముద్రంలోకి దింపారు. 40 గంటలు పట్టింది. 35 మంది లొంగిపోయారు, 17 మంది నావికులు ప్రాణాలతో బయటపడ్డారు. ఆ 35 మంది మీదా కేసు కొత్తగా వచ్చిన సముద్రపు పైరసీ నిరోధక చట్టం, 2022 కింద పెట్టారు. అలోండ్రా రెయిన్‌బో పట్టుకున్న 23 ఏళ్ళకి వచ్చిన చట్టం అన్నమాట.

అన్నయ్య ఆ వేసవిలో దిగాడు. ఏం చేసేవాళ్ళురా అక్కడ అని పెద్దమ్మ అడిగితే, డెక్కు మీద పాత బాయిలర్ సూట్లలో గుడ్డలు కుక్కి, హెల్మెట్లు పెట్టి మనుషుల్లా నిలబెట్టేవాళ్ళమని చెప్పాడు. దూరం నుంచి చూస్తే కాపలావాళ్ళు ఎక్కువమంది ఉన్నట్టు కనిపించాలట.

"అంటే పొలంలో దిష్టిబొమ్మే కదేటి" అంది పెద్దమ్మ. కాసేపాగి, "దానికి నీ సొక్కా ఏసినారేటి?" అని అడిగింది.

వేశారని వాడు ఒప్పుకోలేదు. వచ్చే ఎపిసోడ్‌లో బారువ రేవు. ఉంటానండి.