చామంతికి చీకటి కావాలి

ఈసారి చరిత్ర మన హాల్లో ఉన్న ఒక పూలకుండీ దగ్గర మొదలవుతుంది.

కోలారు పల్లెల నుంచి బెంగళూరు ఫ్లాట్లకు చేరిన మన పెద్దవాళ్లు చాలామంది అనే మాట ఒకటుంది: "ఊళ్లో నా చెయ్యి మంచిదనేవాళ్లు, ఇక్కడ చామంతి ఒక్క మొగ్గయినా వెయ్యదు." మా అవ్వ కూడా అదే అనేది. పెరట్లో బుట్టలకొద్దీ పూలు కోసిన మనిషి, నాలుగో అంతస్తులో కిటికీ పక్కన కుండీ పెట్టుకుని మూడేళ్లు ఆకులే చూసింది. మట్టి మార్చాం, ఎరువు మార్చాం. తప్పు చేతిది కాదని మాకు తెలిసేసరికి అవ్వ లేదు. అందుకే ఇది రాస్తున్నాం.

కన్నడిగులు సేవంతిగె, తమిళులు సామంతి, మరాఠీలు శేవంతి అంటారు. అందరమూ మనదే అనుకునే ఈ పువ్వు పుట్టిల్లు చైనా. రాత్రులు పొడుగయ్యే కాలంలో పూస్తుందని మన పెద్దలకు అనుభవంలో తెలుసు. కారణం చెప్పింది మాత్రం అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అల్లార్డ్.

వాళ్లను తికమక పెట్టింది మేరీలాండ్ మామత్ అనే పొగాకు. వేసవంతా ఏపుగా పెరుగుతుంది, పూయదు. చలికాలం గాజు ఇంట్లో ఉంచితే పూస్తుంది. మొక్కల్ని రోజూ కొన్ని గంటలు వెలుతురు చొరని కొట్టంలో పెట్టి చూశారు. పగలు కురచ చేసిన మొక్కలు వేసవిలోనే పూశాయి. 1920లో ఆ సంగతి అచ్చయింది. 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగి జాతి మొక్కతో ఇంకో అడుగు వేశారు: మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, తెగని చీకటిని. నడిరాత్రి కాసేపు దీపం వెలిగినా లెక్క చెడుతుంది. చామంతిదీ ఈ గుణమే. జపాన్‌లో ఐచీ ప్రాంతపు రైతులు రాత్రి దీపాలు పెట్టి, చామంతి పూతను తమకు కావలసిన రోజుకు వాయిదా వేస్తారు.

ఇప్పుడు మన సంగతి. శివనసముద్రం కరెంటు 1902లో కోలారు బంగారు గనులకు వచ్చింది. 1905లో బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగాయి. మన తాతల్లో ఎంతోమంది ఆ గనుల్లో చెమటోడ్చినవాళ్లే. కరెంటు మనకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. కానీ ఇవాళ మన హాల్లో రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైటు, టీవీ. ఆ తర్వాత కిటికీలోంచి వీధి దీపం. పెరట్లో అవ్వ మొక్కకు ఉన్న రాత్రి ఇక్కడి కుండీకి లేదు.

డిసెంబరు నెలాఖరున బెంగళూరులో రాత్రి సుమారు 12 గంటల 40 నిమిషాలు. ఆ చీకటి చామంతికి చాలు, మనం చెడగొట్టకపోతే. అక్టోబరు చివర నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి కుండీ మీద పెద్ద అట్టపెట్టె బోర్లించండి. పొద్దున ఏడింటికి తియ్యండి. పగలు మాత్రం ఎండ తగిలే కిటికీలోనే ఉండాలి. వెలుతురు చాలకపోతే చీకటి ఒక్కటే పువ్వులివ్వదు. మొగ్గలు రంగు తిరిగేదాకా ఒక్క రాత్రి కూడా మానకండి. పూత విప్పడానికి మొత్తం ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది.

అవ్వ పోయిన ఏడాది ఆమె కుండీలో మిగిలిన పిలకను అలాగే మూసి పెట్టాం. సంక్రాంతికి పూసింది. మొదటి పూలు ఆమె ఫోటోకే పెట్టాం.

మీ ఇంట్లో చెయ్యి మంచిది కాదని దిగులుపడే పెద్దవాళ్లుంటే, ఇది ఇవాళే చదివి వినిపించండి. చెయ్యి మంచిదే. కుండీకి కాస్త రాత్రి ఇస్తే చాలు.