బండి గొంతు పట్టిన ఊరు

మా నాయన వదిలిపోయిన ఆస్తిలో 1978 నాటి అంబాసిడర్ కారు ఒకటి. ఇల్లు అన్నకు వచ్చింది, తోట తమ్ముడికి పోయింది, కారు నాకు మిగిలింది. పోయిన మార్గశిరంలో ఒకనాటి తెల్లవారుజామున తాళం తిప్పితే, లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టు చప్పుడు. ఊళ్ళో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోతే ఇంజను మొత్తం విప్పాలన్నారు. వాళ్ళు కాగితం మీద రాసిచ్చిన అంచనా కారు వెల కంటే ఎక్కువ. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఇతరుల అంచనాలు చూసి సంతకాలు పెట్టినవాణ్ణి, నా సొంత అంచనా చూసి నోట మాట రాలేదు. ఇనుప కొట్టుకు అమ్మేయమని ఇంట్లో అన్నారు.

సింగానల్లూరు వైపు ఒక సందులో రేకుల కొట్టం కింద పనిచేసే మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. మా అమ్మ తరఫు దూరపు చుట్టం, మామా అని పిలుస్తాను. డెబ్బై దాటాయి. బానెట్టు ఎత్తకముందే మూడు ప్రశ్నలు వేశాడు. "చల్లగా ఉన్నప్పుడా అల్లుడూ, వేడెక్కినాకనా? యాక్సిలరేటరు తొక్కితే పెరుగుతాదా, తగ్గుతాదా? చప్పుడు ముందు వచ్చి బండి అందుకుంటాదా, అందుకున్నాక వస్తాదా?"

ఈ ప్రశ్నలు ఏ బడిలో నేర్చినవి? మామ బడికి పోయింది తక్కువ. ఇవి ఈ ఊరు నేర్పినవి.

విజయనగర కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో కుదురుకున్నాకనూ తెలుగువాళ్ళు పాండ్యనాటికీ కొంగునాటికీ తరలివచ్చిన సంగతి చదువరులకు కొత్త కాదు. నల్లరేగడి చూసి నిలిచిపోయారు, పత్తి వేశారు. కోయంబత్తూరులో 1888లో స్టేన్స్ దొర నూలుమిల్లు పెట్టాడు. తర్వాత మనవాళ్ళూ ఆ దారి పట్టారు. 1926లో పి.ఎస్.గోవిందస్వామి నాయుడి కొడుకులు ధర్మసంస్థ స్థాపించి, తొలినాళ్ళలోనే పారిశ్రామిక విద్యకు చోటు పెట్టారు. 1932లో పైకారా నుంచి కరెంటు వచ్చింది. మోటారు వచ్చిన చోట దాన్ని బాగుచేసే మనిషి కావాలి గదా. చెరుకు తోటలో బావి మోటారు మూలిగితే దూరం నుంచే విని బేరింగు పోయిందని చెప్పగల రైతులను నేను అప్పుల తనిఖీకి వెళ్ళినప్పుడు చూశాను. కామర్సు చదివిన నాకు ఆ మూలుగూ ఈ మూలుగూ ఒకటే.

ఈ చెవికి మూలపురుషుడు ఎవరంటే నేను జి.డి.నాయుడి పేరే చెబుతాను. 1893లో సూలూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన ఆ తెలుగు రైతుబిడ్డకు చదువు వంటబట్టలేదు. ఒక తెల్ల ఉద్యోగి రడ్జ్ మోటారుసైకిలు మీద రావడం చూసి మతి పోగొట్టుకున్నాడు. కోయంబత్తూరులో హోటల్లో వడ్డన చేసి డబ్బు కూడబెట్టి, మూడువందలకు అదే బండి కొన్నాడు. కొని తొక్కుతూ తిరగలేదు, ముందు విప్పాడు. విప్పి మళ్ళీ బిగించాడు. మరమ్మతు విద్యకు అంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఇప్పటికీ లేదు.

1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు. డ్రైవరూ తానే. అదే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. ఒక్క బస్సున్నవాడి లెక్క బ్యాంకువాణ్ణి గనుక నాకు బాగా అర్థమవుతుంది. పళని యాత్రికులు ఎక్కి కూర్చున్నాక ఇంజను అందుకోకపోతే ఆనాటి రాబడి సున్న, అప్పు వాయిదా మాత్రం ఆగదు. రేపు ఏది విరగబోతుందో ఈనాటి చప్పుడులోనే వినగలగాలి. ఆయన 1937లో డి.బాలసుందరం నాయుడితో కలిసి దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారుచేయించాడనీ, రేడియోలు, క్షౌరపు కత్తులు చేశాడనీ అందరూ రాస్తారు. 1974లో పోయాడు. నాకు మాత్రం ఆ తొలి బస్సు తెల్లవారుజామే ఎక్కువ గుర్తుకొస్తుంది.

మధురలో కథ వేరు. అక్కడి మోటారు చరిత్ర తిరుక్కురుంగుడి టి.వి.సుందరం అయ్యంగారిది, తెలుగువారిది కాదు. మనకు లేని ఘనత మన ఖాతాలో జమ వేసుకోవడం తప్పుడు పద్దు. మనవాళ్ళ వాటా ఏదైనా ఉంటే అది రోడ్డు. రాణి మంగమ్మ 1689 నుంచి పాలించిన కాలంలో వేయించిన బాటలు, కట్టించిన సత్రాలు ఆ సీమలో నేటికీ ఆమె పేరుతో ఉన్నాయి. అయ్యంగారి బస్సులు మేకులు గుచ్చుకుని ఆగకూడదని, అయస్కాంతం కట్టిన బండి ముందుగా రోడ్డు మీద నడిపేవారని చెబుతారు. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు దొరకనప్పుడు ఆయన బొగ్గుతో గ్యాసు పుట్టించే యంత్రం చేయించాడు. అలాంటి బండి స్టార్టు చేయడమంటే ముందు పొయ్యి రగిలించడమే. బూడిద, తారు ఇంజనులోకి పోయి అరుగుడు ఎక్కువ, చప్పుళ్ళూ ఎక్కువ. ఆ ఏళ్ళలో పనిచేసిన మెకానిక్కులకు చెవి పదునెక్కక ఏమవుతుంది?

అప్పటి బళ్ళకు చేతి హ్యాండిలే గతి. 1912 కాడిలాక్ కారుకు అమెరికాలో కెట్టెరింగ్ విద్యుత్ స్టార్టరు అమర్చినా, మన వైపు హ్యాండిలు చాలాకాలం పోలేదు. నా అంబాసిడర్‌కు కూడా ముందు దానికి రంధ్రం ఉంది. హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచాలి, చుట్టూ బిగిస్తే ఇంజను ఎదురుతన్నినప్పుడు వేలో మణికట్టో విరుగుతుంది. ఆ ఎదురుతన్ను చేతికి తగిలినవాడికి, స్పార్కు ముందుగా పడుతోందని వేరే చెప్పనక్కరలేదు. సెల్ఫు వచ్చాక ఆ జ్ఞానం చేతిలో నుంచి చెవికి మారింది.

మామ నాకు చెప్పిన చప్పుళ్ళు కొన్ని రాసుకున్నాను. టక్కుమని ఒక్కసారి కొట్టి ఊరుకుంటే బ్యాటరీ, లేదా దాని కొనల మీద పూసిన తెల్ల ఉప్పు. మోటారు ఊరికే గిర్రున తిరిగి ఇంజను కదలకపోతే స్టార్టరు పళ్ళచక్రం ముందుకు జరగడం లేదు. గరగర గీకితే పళ్ళు అరిగాయి. కీచుమంటే ఫ్యాన్ బెల్టు. ఫుస్సుఫుస్సుమని కొట్టి వేడెక్కాక తగ్గితే పొగగొట్టం గాస్కెట్టు. పైన టిక్‌టిక్‌మని నాలుగు క్షణాల్లో పోతే రాత్రంతా కిందికి దిగిన ఆయిలు పైకి చేరుతోందని అర్థం, పోకుండా ఉంటే ట్యాపెట్లు సరిచేయాలి. అడుగు నుంచి బరువైన దెబ్బ వస్తే భయపడాలి. అప్పుడు ఒక్కొక్క ప్లగ్గు వైరూ తీసి చూస్తారు. ఏది తీస్తే దెబ్బ మెత్తబడుతుందో ఆ సిలిండరు రాడ్ బేరింగే రోగి. ఎక్కడి చప్పుడో తేల్చడానికి పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటారు. 1816లో ఫ్రాన్సులో లేనెక్ అనే వైద్యుడు కాగితం చుట్టి రోగి గుండె విన్న పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే.

నా కారుకు స్క్రూడ్రైవరు పెట్టి విని, మామ ఫ్యాన్ బెల్టు ఊడదీశాడు. "ఇప్పుడు తిప్పు" అన్నాడు. తిప్పాను. రోకటి పోటు లేదు. డైనమో ముందున్న పుల్లీ వదులై, దాని కీలు అరిగి, ఇంజను అందుకునేటప్పుడు పడే కుదుపులకు కొట్టుకుంటోంది. వర్క్‌షాపువాళ్ళు దాన్ని మెయిన్ బేరింగు అనుకున్నారు. పక్క సందులో లేతు మీద కొత్త కీలు చేయించి మధ్యాహ్నానికి బిగించాడు. టిక్‌టిక్ ఇంకా ఉందే అంటే, "అది వయసు" అన్నాడు.

అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లు తమ జబ్బు తామే కంప్యూటరుకు చెప్పుకుంటున్నాయి, ఇక్కడా కొంచెం ఆలస్యంగా అదే వచ్చింది. మామ కొడుకు అలాంటి బళ్ళ పని నేర్చాడు. తండ్రితో తెలుగులో మాట్లాడతాడు, బండి సంగతి వస్తే అరవంలోకి మారిపోతాడు. కొట్టుడు, గీకుడు, మూలుగు అనే మాటలు అతనికి అక్కరలేదు, తెర మీద నంబరు కనిపిస్తుంది. డబ్బు ఇవ్వబోతే మామ సగం తిరిగిచ్చి, ఆ కంప్యూటరు పెట్టె కొనడానికి కొడుక్కు బ్యాంకులో అప్పు వస్తుందా అని అడిగాడు. ఆ సాయంత్రమే దరఖాస్తు నింపడానికి కూర్చున్నాం. పూచీదారు గడిలో మామ పేరు రాశాను. ఆయన వృత్తి, అర్హతలు అన్న గడి వచ్చినప్పుడు, ఇంగ్లీషులో ఏమని రాయాలో తోచక కొంతసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.